తట్టరాయి దగ్గర ఆగిన పందెం

నాకు అనుమానం ఎక్కువ. ఇది మా నాయనమ్మ నుంచి వచ్చింది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఆమె ముందు కొంగు బిగించుకునేది, ఆ తర్వాత వాళ్ళు వెళ్ళేదాకా కళ్ళతోనే సాగనంపేది. అందుకే మా పాలెంలో నడక పందెం అని దండోరా వేసినప్పుడు మా ఇంట్లో ఎవరికీ సంతోషం కలగలేదు. అరవైల మొదట్లో మాట. నాకప్పుడు పదేళ్ళు.

సముద్రం ఒడ్డున ఉన్న మా పాలెం నుంచి ముత్తుకూరు దాకా కొత్తగా కంకర రోడ్డు పడింది. ఆ సంబరానికి బ్లాకు ఆఫీసువాళ్ళు పందెం పెట్టారు. ఇంటికి ముగ్గురు నడవాలి, మొగుడూ పెళ్ళామూ ఒక బిడ్డా. పరుగెత్తకూడదు. ముగ్గురూ కలిసే చేరాలి. ముందు చేరిన ఇంటికి ఒక వలకు సరిపడా నైలాన్ నూలు ఇస్తారట.

"నడిస్తే నూలిస్తారంటనా?" అంది నాయనమ్మ. "ఆ కొసన సూదులు పట్టుకోని కూర్చోనుంటారు, చూస్తా ఉండండి. టీకాలెయ్యను పిలస్తా ఉండారు మిమ్మల్ని."

పక్కింటాయన ఇది తలలు లెక్కపెట్టుకోవడానికన్నాడు. ఎదురింటామె పాలేన్నే లేపేసి ఇంకెక్కడికో తోలడానికంది. నేను మూడింటినీ నమ్మాను.

నాయన మాత్రం ఎవరి మాటా వినలేదు. ఆయనకు ఆ నూలు కావాలి. మా నూలు వల చీకిపోయి రెండేళ్ళయింది. సొంత వల లేని మనిషి ఇంకొకరి తెప్ప మీద కూలికి పోవాల్సిందే. నాయన పోతున్నది ఎవరి తెప్ప మీదికో కాదు, సొంత అన్న తెప్ప మీదికి. అన్నదమ్ములకు మాటలు లేవు. పొద్దున్నే ఒకే తెప్ప ఎక్కి, ఒకే వల లాగి, ముఖాలు చెరో వైపు పెట్టుకుని ఒడ్డుకొచ్చేవాళ్ళు. చూసి నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

పెదనాయనా పందేనికి పేరిచ్చాడు. మా పెద్దమ్మ పొడుగాటి మనిషి, అంగవేస్తే రెండడుగులు కలిసొచ్చేవి. గెలిచేది ఆమేనని పాలెమంతా అనుకుంది. నాయన కూడా అదే అన్నాడు. "దినామూ సంతనించి ముందొచ్చేది మా వదినే గదా. నేను చూడ్డంలా?"

నిజమే, ముందొచ్చేది ఆమే. తెల్లవారి తెప్పలు ఒడ్డుకు రాగానే ఆడవాళ్ళు చేపల తట్టలు నెత్తికెత్తుకుని, ఎండ ముదరకముందే ముత్తుకూరు చేరడానికి నడకా పరుగూ కాని ఒక తీరున పోయేవాళ్ళు. మగవాళ్ళు ఆ దోవన రారు. అమ్మకం ఆడవాళ్ళ పని. తిరిగి వచ్చేటప్పుడు పెద్దమ్మ తిన్నగా ఇంటికొచ్చేది. మా అమ్మ సరుగుడు తోట దగ్గర ఆగి, పొయ్యిలోకి ఎండాకు ఏరుకుని, మూట కట్టుకుని, అందరికన్నా వెనక వచ్చేది.

దోవలో సగం దూరాన తాడిచెట్టు కింద మోకాలెత్తు రాయి ఉంది. తట్టరాయి అనేవాళ్ళం. బరువు మొయ్యలేనప్పుడు ఆడవాళ్ళు అక్కడ తట్ట దించుకునేవాళ్ళు. కానీ దించిన తట్టను ఒక్కరే నెత్తికెత్తుకోలేరు. అందుకని ఒక కట్టుబాటు ఉండేది. రాయి దగ్గర తట్టతో ఎవరైనా నిలబడి ఉంటే, ఆ దోవన ముందు వచ్చిన ఆడమనిషి ఎత్తిపెట్టి పోవాలి. పగవాళ్ళయినా సరే. ఎత్తకుండా పోయినదాని తట్ట మర్నాటి నుంచి ఎవరూ ముట్టరు.

పందెం పొద్దున అమ్మ తట్ట లేకపోయినా నెత్తి మీద గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని వచ్చింది. ఈల పట్టుకున్న బ్లాకు ఆఫీసు సైకిలాయన దాన్ని ఎగాదిగా చూసి, "ఏందమ్మా అది?" అన్నాడు.

"అది లేకుంటే నాకు నడక రాదయ్యా."

ఈల వేశాడు. నేను అందరినీ కనిపెట్టడం మొదలుపెట్టాను. పెదనాయన సైకిలాయనకు కన్నుగీటాడేమోనని చూశాను. పెద్దమ్మ పరుగెత్తుతుందేమోనని మాటిమాటికీ వెనక్కి తిరిగి ఆమె మడమలు చూశాను. అవును, వెనక్కే తిరగాల్సి వచ్చింది. ముందున్నది మేమే. పాలెం దాటకముందే అమ్మ అందరినీ వెనకేసేసింది. నేను ఆమె కొంగు పట్టుకుని వేలాడుతున్నాను. సముద్రం మీద అంత మనిషైన నాయన కంకర మీద కాళ్ళీడుస్తూ రొప్పుతున్నాడు.

"మే, నిదానంగా పో," అన్నాడు. "ఇప్పుడే ఏం తొందర? మా వదిన్ని ముందు పోనీ. తర్వాత చూసుకుందాంలే."

అమ్మ ఇంకా జోరు పెంచింది.

తట్టరాయి కనిపించింది. దాని పక్కన తట్టతో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. పొరుగు పాలెం మనిషి, సంతలో మా అమ్మ వరుసలోనే కూర్చునేది. "ఎత్తిపెట్టు తల్లీ," అంది.

"వదిలెయ్‌మే, పోదాం," అన్నాడు నాయన.

"ఎట్ట వదిలేసేది?" అంటూ అమ్మ ఆగింది. తట్ట ఎత్తింది. ముసలమ్మ చుట్టకుదురు జారిందంది. దించారు. మళ్ళీ ఎత్తితే చేపలు ఒక పక్కకు ఒరిగాయంది. మళ్ళీ దించారు. నడుం పట్టేసిందంది.

"అవ్వా, చాల్లే! చాల్లే అంటా ఉంటే!" అని నాయన పళ్ళు కొరికాడు. ఆయన ముఖం అంత ఎర్రబడగా నేనెప్పుడూ చూడలేదు.

పెద్దమ్మ వాళ్ళు వచ్చేశారు. ఎత్తే మనిషి ఒకరుంటే రెండోవాళ్ళు ఆగనక్కరలేదు. పెద్దమ్మ ఒక్క చూపు చూసి సాగిపోయింది. తట్ట నెత్తికెక్కేసరికి వాళ్ళు చేను మలుపు తిరిగారు. అమ్మ చాలావరకు అందుకుంది. ముత్తుకూరు పందిరి దగ్గరికి మేము చేరేసరికి పెదనాయన చేతిలో తెల్లటి నూలు కట్ట ఉంది. సూదులు మాత్రం ఎక్కడా లేవు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ముసలమ్మను పెట్టించింది పెద్దమ్మేనని నాకు సందేహమే లేదు. ఇంటికొచ్చి అదే మాట అరిచి చెప్పాను. నాయనమ్మ అవునంది. నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు అమ్మతో పాటు సంతకు పోయాను. తట్ట దించీదించకముందే ముసలమ్మ ముందుకు పోయి నిలబడ్డాను.

"అవ్వా, నిన్నక్కడ నిలబడమనింది ఎవురు? మా పెద్దమ్మే గదా?"

ముసలమ్మ ఈగలు తోలుకుంటూ నన్ను వింతగా చూసింది. "మీ పెద్దమ్మేంది? మొన్న మధ్యాన్నం మీ నాయనే మా ఇంటికొచ్చి చెప్పి పోయినాడు. నాలుగు దినాలు కూరకు చేపలిస్తానన్నాడు. ముందొచ్చేదాన్ని కాసేపు నిలబెట్టమన్నాడు. ముందొచ్చింది మీ అమ్మే. నేనేం చేసేది?"

అందరినీ అనుమానించిన నేను ఒక్క మనిషిని వదిలేశాను. సిగ్గుతో తల తిప్పుకున్నాను. పక్కకు చూస్తే అమ్మ చేపలు పేర్చడం ఆపేసి వింటోంది. ఆమె మోసం గురించి అడగలేదు, నూలు గురించీ అడగలేదు.

"మీ పెద్దమ్మ ముందొస్తాదనుకున్నాడా?" అంది నాతో, మెల్లగా. "పన్నెండేండ్లు కాపరం చేసి?"

తిరిగి వచ్చేటప్పుడు ఆమె సరుగుడు తోట దగ్గర ఆగలేదు. నేను పరుగెత్తాల్సి వచ్చింది. దోవలో పెద్దమ్మను దాటేశాం. ఇల్లు చేరేసరికి నాయన వాకిట్లో కూర్చుని నూలు చిక్కులు తీస్తున్నాడు. అన్న గెలిచిన నూలు. కూలి మనిషి గనక ఆ పనీ ఆయనదే.

తలెత్తి చూసి, ఇంత త్వరగా ఎలా వచ్చామా అని ఆశ్చర్యపోయాడు. "ఏందిమే, ఇంత బిన్నే వచ్చినావు?"

అమ్మ ఖాళీ తట్టను ఆయన ముందు బోర్లించింది.

"నేనెప్పుడూ ఇంత బిన్నేలే," అంది. "నీ పొయ్యిలోకి ఆకు ఏరకుంటే."

నాయన నా వైపు చూశాడు. నేనూ ఆయన వైపే చూస్తున్నాను. నాకు అంతా తెలుసని ఆయనకు అర్థమైంది. తలొంచుకుని మళ్ళీ నూలు చేతిలోకి తీసుకున్నాడు, కానీ చాలాసేపు ఒక్క చిక్కు కూడా విప్పలేదు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.