తోక చూసి ధర చెప్పే ముత్యాలప్ప

పుంగనూరు సంతలో పందుల ధర ఎప్పుడు పడిపోతుందోనని బతికినన్నాళ్లూ వణికిన మనిషి, మా వీధిలో పందులు మేపే ముత్యాలప్ప. ధర పెరిగినా వణికేవాడు. "ఇంత ఎత్తుకు పోయిందంటే, నడుం ఇరిగేట్టు పడతాదప్పా" అనేవాడు. సంత గేటు దగ్గర రసీదులు చింపే నాకు వారం వారం ఆయన భయంతోనే బోణీ.

ఆయన ధర చూసేది పంది తోకలో. తోక చుట్ట తిరిగి ఉంటే ధర నిలుస్తుంది. వాలిందా, ఆ పంది ఆ వారం సంత మొహం చూడకూడదు.

"తోకకూ, పందులు కొనే బెంగుళూరు లారీకీ ఏం సంబంధమప్పా?" అని అడిగాను ఒకసారి.

"లారీవోడు తోక సూడడు. నేను సూస్తాను. అంతే."

ఎనభై ఒకటిలో కుప్పం వైపు పందులు మందలుగా చస్తున్నాయని కబురొచ్చింది. మా వీధంతా బిక్కచచ్చిపోయింది. గౌరమ్మకు ఉన్నవే ఎనిమిది పందులు. మొగుడు పోయాక ఆమెకు కూడూ గుడ్డా అవే. సంత రోజు పొద్దున ఆమె వాటిని తోలుకొస్తుంటే ముత్యాలప్ప అడ్డం నిలబడ్డాడు.

"తోలొద్దమ్మా. ఆ నల్లదాని తోక వాలిపొయ్యుండాది. ధర పడతాది."

"లారీ వచ్చి నిలబడుండాది గదన్నా."

"నిలబడనీ. నల్లదాన్ని ఏరేగా కట్టెయ్. కుడితి తొట్టి గూడా ఏరే పెట్టు. దాని పక్కనుంటే మిగతావాటి ధర గూడా దిగిపోతాది."

గౌరమ్మ ఏడుస్తూ వెనక్కి తోలుకుపోయింది. ఆ రోజు ధర పడలేదు సరిగదా, ఎన్నడూ లేనంత పలికింది. సంతంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆమె పొయ్యి ఎట్లా వెలుగుతుందోనని దిగులుగానే ఉండింది. ముత్యాలప్ప మాత్రం "మదనపల్లెలో ధర కనుక్కొనొస్తా" అని బస్సెక్కాడు.

సాయంత్రం పశువుల డాక్టరును వెంటబెట్టుకుని దిగాడు. అప్పటికే నల్లది చచ్చింది. డాక్టరు మిగతా ఏడింటికీ, వీధిలోని పందులన్నిటికీ సూదులు వేసి, "జ్వరమున్నదాన్ని ముందే వేరు చేసిందెవరయ్యా?" అన్నాడు. ముత్యాలప్ప నా వెనక నక్కాడు.

"జ్వరమని ఆమెకు చెప్పొచ్చు గదా?" అన్నాను తర్వాత.

"ఆ మాటంటే ఆయమ్మ గుండె ఆగిపోతాదప్పా. ధర పడతాదంటే నన్ను నాలుగు తిట్టి నిద్రపోతాది."

ఏడూ బతికాయి. రెండు నెలలకు మంచి ధరకు అమ్ముకొని, గౌరమ్మ ఆయన దోసిట్లో చెనిక్కాయలు పోసింది. "ఇంగనన్నా ఆ భయం ఇడిసిపెట్టన్నా."

"ఇంత పలికిందంటే వచ్చేవారం పడేది ఖాయమమ్మా" అన్నాడు కాయలు ఒలుచుకుంటూ. "పడినాక మా ఇంటికాడికి రా. నల్లదాని బదులు కూన ఒకటి సౌకగా ఇస్తాను. తోక సూసే పెట్టుండాను."