ఎల్లప్ప గొంతుకు ఎవరో పెట్టిన కొలత

మా వీణకు కోపం ఎక్కువని ఆఫీసులో అందరూ అంటారు. ఆ అనేవాళ్లలో ఒక్కడూ ఆమె కోపం దేనిమీదో అడిగిన పాపాన పోలేదు. నా పేరు కేశవ్. ఆమె పక్క సీట్లో కూర్చుంటాను. ఆమె రాసిన కోడును పరీక్షించి చూడటం నా ఉద్యోగం. నాకూ కోపం తక్కువేం కాదు కాబట్టి ఈ సంగతి నేనే చెబుతాను.

వీణ పుట్టిందీ పెరిగిందీ పాతబస్తీలోని ఛత్రినాకలో. ఇప్పటికీ అక్కడే ఉంటుంది. పొద్దున బస్సులో సీటు కోసం కొట్లాడి, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఫోన్లో కోడ్ చదువుకుంటూ వస్తుంది. మా కంపెనీ చిన్నా పెద్దా యంత్రాలు చేస్తుంది. వాటిలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు అడుగున కెర్నల్ ఉంటుంది. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలో, మెమరీ చాలకపోతే ఏ ప్రోగ్రామును చంపాలో తేల్చేది అదే. ఆ కెర్నల్ పని వీణది. ఎవరూ మార్చకపోతే మొదట పెట్టినట్టే ఉండిపోయే సెట్టింగును మావాళ్లు డిఫాల్ట్ అంటారు. ఎవరైనా "అది అంతే, డిఫాల్ట్" అన్నారంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. "డిఫాల్ట్ ఆకాశంకెళ్లి ఊడిపడ్డదా? ఎవడో ఒకడు పెట్టిండు గదా" అంటుంది.

వాళ్ల గల్లీలోనే ఎల్లప్ప ఉంటాడు. నీళ్ల బోర్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్లో స్వరపేటిక తీసేశారు. మాట పోయింది గాని తగాదా పోలేదు. మా కంపెనీ చేసిన మాటల పెట్టె ఒకటి మెడలో వేసుకుని తిరుగుతాడు. దానిమీద తెలుగులో టైపు చేస్తే అది పైకి పలుకుతుంది. కూరగాయల బండివాడితో, పక్కింటివాళ్లతో, అందరికంటే ఎక్కువగా భార్య మాణిక్యమ్మతో, దాంతోనే కొట్లాడతాడు. మాణిక్యమ్మకు షుగరు వల్ల రెండు కళ్లూ పోయాయి. ఆయన సైగ చేస్తే ఆమెకు కనబడదు, రాసిస్తే చదవలేదు. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవాలంటే ఆ పెట్టె ఒక్కటే దారి.

ఆ పెట్టె కాసేపు మాట్లాడగానే నడిమధ్యలో ఆగిపోయేది. ఆపి మళ్లీ ఆన్ చేయాలి, అది లేచేసరికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ మాణిక్యమ్మ "ఏందయ్యా, పలుకవేంది?" అంటూ తడుముకుంటూ ఉండేది. ఒకరోజు ఆమె పొయ్యి దగ్గర చేయి చాపుతుంటే ఆయన "ఆగు, గిన్నె కాలుతున్నది" అని టైపు చేశాడు. అప్పటికే చాలాసేపు వాగి ఉన్న పెట్టె "ఆగు" కూడా పలకకముందే మూగబోయింది. ఆమె చేయి కాలింది. ఆ చేయి చూసొచ్చిన రోజునే వీణ ఆఫీసులో ఉన్న అలాంటి పెట్టె ఇంకొకటి తీసుకుంది. దాన్ని మా బల్లమీద విప్పింది.

తప్పు త్వరగానే దొరికింది. కెర్నల్ మెమరీని సమాన ముక్కలుగా కోసి పంచుతుంది. ఒక్కో ముక్కను పేజీ అంటారు. అది ఎంత ఉండాలన్నది చిప్పు రకాన్ని బట్టి ముందే పెట్టి ఉంచుతారు. మా కంపెనీ మొదట పెద్ద సర్వర్లు చేసింది. వాటికి అరవై నాలుగు కిలోబైట్ల పేజీ బాగానే సరిపోయింది. తర్వాత ఈ మాటల పెట్టె చేసేటప్పుడు, చిప్పు అదే జాతిది కదా అని, ఆ సెట్టింగులన్నీ ఎత్తుకొచ్చి ఇందులో పెట్టేశారు. పెట్టె బూట్ అయింది, అంటే ఆన్ అయి లేచింది. బూట్ అయినదాన్ని ముట్టుకోకూడదన్నది మావాళ్ల మడి.

పెట్టెలో ఉన్న మెమరీయే కొంచెం. ఒక్కో అక్షరం ధ్వనికి నాలుగు కిలోబైట్ల పేజీ దండిగా చాలు. కెర్నల్ మాత్రం ప్రతిదానికీ అరవై నాలుగు ఇస్తోంది, పిడికెడు అటుకులకు గోనెసంచి ఇచ్చినట్టు. మాట పొడుగైతే సంచులు అయిపోతాయి. అప్పుడు కెర్నల్ ఎక్కువ మెమరీ తింటున్న ప్రోగ్రామును వెతికి చంపుతుంది. ఆ పెట్టెలో ఎక్కువ తినేది మాట పలికించే ప్రోగ్రాము, అంటే గొంతే.

వీణ ఆ చిన్న చిప్పుకు వేరే డిఫాల్ట్ పెట్టి, పేజీని నాలుగు కిలోబైట్లు చేసింది. నేను పరీక్షించాను. మా బల్లమీది పెట్టె రోజంతా వాగింది, ఆగలేదు. ఇక మా మేనేజరు రంగనాథ్ ఆమోదం కావాలి. ఆయనదీ పాతబస్తీయే, హుస్సేనీ ఆలం; దేనికైనా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడు.

"రెండు డిఫాల్టులు పెడితే టెస్టింగ్ డబుల్ అవుతుంది వీణా. అయినా కస్టమర్ల నుంచి ఒక్క కంప్లైంట్ కూడా లేదు కదా," అన్నాడు.

"కంప్లైంట్ ఎట్ల ఇయ్యాలె సార్?"

"హెల్ప్‌లైన్ ఉంది. ఫోన్ చేసి చెప్పాలి."

"గొంతు లేనోళ్లు ఫోన్ జేసి, గొంతు ఆగిపోయిందని చెప్పాల్నా?"

"ప్రొసీజర్ అది. నేను పెట్టింది కాదు."

నాకు అరికాలి మంట నడినెత్తికెక్కింది. పేజీ సైజు ఎవరూ పెట్టలేదట, హెల్ప్‌లైన్ ఎవరూ పెట్టలేదట. మరి ఏసీ గదుల్లో కూర్చుని మేం చేస్తున్నదేమిటి? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. చెప్పలేనివాడు ఇంకెంత లోకువో ఆ రోజు చూశాను.

వీణ అరవలేదు. "ఒక్కసారి మా గల్లీకి రాండ్రి సార్" అంది.

ఆదివారం ఆయన వచ్చాడు. కారు గల్లీలో పట్టక, బోనాల పందిరి గుంజల దగ్గర ఆపి నడిచి వచ్చాడు. నేనూ వెళ్లాను. ఎల్లప్ప ఇంట్లో చాప మీద కూర్చున్నాం. మాణిక్యమ్మకు ఒక పక్క ఎల్లప్ప, ఇంకో పక్క రంగనాథ్.

"కాకా, హెల్ప్‌లైనోళ్లకు నీ బాధ చెప్పు," అని వీణ ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. ఎల్లప్ప టైపు చేశాడు, పెట్టె పలికింది.

"నేను ఎల్లప్పను, ఛత్రినాక. మీ డబ్బా మాట్లాడంగ మాట్లాడంగనే సస్తున్నది. నా పెండ్లాం సెయ్యి గాలింది. ఆమెకు కండ్లు లేవు. నేను ఆగుమని చెప్తుంటే గప్పుడే మీ…"

అక్కడ ఆగిపోయింది.

"హలో సార్? సార్, మీ వాయిస్ రావట్లేదు," అంది ఫోన్లో అమ్మాయి. రెండుసార్లు పిలిచి లైను కట్ చేసింది. ఎల్లప్ప పెట్టెను అరచేత్తో కొట్టాడు. ముఖమంతా ఎర్రబడి పెదాలు కదిపాడు, శబ్దం లేదు.

మాణిక్యమ్మ తల అటూ ఇటూ తిప్పింది. "ఏందయ్యా, కోపమొచ్చి లేసిపోయినవా?" అంటూ చేయి చాపింది. ఆ పక్క ఉన్నది రంగనాథ్. దొరికిన చేతిని గట్టిగా పట్టుకుని, వేళ్లు తడిమి చూసింది.

"ఇది పానా పట్టిన సెయ్యి గాదు, మెత్తగున్నది. ఎవరయ్యా నువ్వు? నీకు గొంతున్నది గద, నువ్వెందుకు మాట్లాడ్తలేవు?"

వీణ లాప్‌టాప్ తెరిచి రంగనాథ్ ముందుకు జరిపింది. పట్టుబడ్డ చేతిని విడిపించుకోకుండానే, రెండో చేత్తో ఆయన ఆమోదం నొక్కాడు.

"మిగిలినోళ్ల పెట్టెలకు గూడ ఈ వారమే పోవాలె సార్," అంది వీణ.

ఆయన తల ఊపాడు.

"తల ఊపితే చిన్నమ్మకు కనవడది సార్. నోటితోని చెప్పుండ్రి."

"పంపిస్తాం," అన్నాడు రంగనాథ్, సన్నగా.

వీణ కొత్త కెర్నల్ ఎక్కించి పెట్టెను ఆన్ చేసింది. అది లేచేదాకా ఎల్లప్ప, రంగనాథ్ చేతిని ఇంకా వదలని భార్య చేతి వంకే చూస్తూ కూర్చున్నాడు. తెర వెలగగానే గబగబా టైపు చేశాడు.

"ఈడనే ఉన్న గదనే. ముందుగాల ఆ పరాయోని సెయ్యి ఇడ్సిపెట్టు."