ఆ పేరుతో నిలబడింది నేను కాదు

మా దెగ్లూర్ తాలూకాలో నా పేరుతో నలుగురికీ తెలిసిన ఆడవాళ్లం ముగ్గురం ఉన్నాం. ఒకామె రాజకీయ నాయకురాలు, మరాఠీలో అక్క అన్నట్టు అందరూ తాయి అంటారు. ఇంకొకామె బతుకమ్మ పాటలు పాడుతుంది. కూలికి పోయే మనిషే కాని, ఆమె పాట తెలంగాణ సరిహద్దుకు అటూ ఇటూ ఎవరి ఫోనులో చూసినా ఉంటుంది. మూడోదాన్ని నేను. ఒకప్పుడు మహారాష్ట్ర జట్టులో ఖోఖో ఆడాను. ఇప్పుడు ఊళ్లో ఆడపిల్లలకు నేర్పుతున్నాను. మా వైపు ఊరి పేరుకు ‘కర్’ తగిలిస్తే ఇంటిపేరు అయిపోతుంది. ముగ్గురి పెద్దలదీ ఒకే ఊరు కనుక, కులాలు వేరైనా మా ఇంటిపేరు కూడా ఒకటే. తేడా అంతా నడుమ రాసే తండ్రి పేరులోనో భర్త పేరులోనో ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు.

మొన్నటి జిల్లా పరిషత్ ఎన్నికల్లో తాయి పోటీ చేసింది. ఒక మధ్యాహ్నం ఆమె ఎదుటి పక్షం వాళ్లు ఇద్దరు మా ఇంటికి వచ్చారు.

“మీరు నిలబడుండ్రి మేడం. ప్రచారం గిట్ల ఏం చెయ్యద్దు. పేరుంటే సాలు,” అన్నాడు పెద్దాయన.

“నా పేరుతోని మీకేం పని?”

“మీట నొక్కేటప్పుడు జనం పేరే సూస్తరు గద.”

తాయి ఓట్లు చీల్చడానికి అడుగుతున్నారని అర్థమైంది. కుదరదన్నాను. వాళ్లు కోప్పడలేదు, చాయ్ తాగి వెళ్లిపోయారు. ఈ సంగతి చెబుదామని తాయికి ఫోన్ చేస్తే ఆమె దగ్గర పనిచేసే అతను ఎత్తాడు. చెప్తానన్నాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు.

తీరా నామినేషన్లు ముగిశాక చూస్తే పోటీలో నా పేరుంది. నిలబడింది పాటలు పాడే ఆమె. మా ఊళ్లో ఒక్కరూ అలా అనుకోలేదు, నేనే అనుకున్నారు. కిరాణా దుకాణానికి పోతే అక్కడి ముసలాయన సబ్బు చేతికిస్తూ, “నిలబడ్డవట గద బిడ్డా, మాకొక్క మాట చెప్పకపోతివి,” అన్నాడు.

“అది నేను గాదు కాక.”

“పేరున్నది గద.”

“ఆ పేరు నాది గాదు.”

“నీ పేరు నీది గాకపోతే ఎవ్వరిది మరి?”

ఎన్ని ఇళ్లలో చెప్పానో, ఎంత విసిగిపోయానో. కాదన్నకొద్దీ దాస్తున్నాననే అనుకున్నారు. చివరికి బస్సెక్కి ఆమె ఊరికే వెళ్లాను. వాకిట్లో కూర్చుని శనగలు చెరుగుతోంది. నన్ను చూసి చాప వేసింది.

“నీ పేరు పెట్టి తాయిని ఓడగొట్టాలని సూస్తున్నరు, నీకెరుకేనా?” అన్నాను.

“ఎరుకనే అక్కా. పెద్ద స్టేజి మీద పాడిపిస్తమన్నరు. ఇన్నేండ్ల సంది పాడుతున్న, ఒక్కలన్న పిలిచిండ్రా?”

“నా మీదికి వస్తున్నది గదనే.”

ఆమె చేట పక్కన పెట్టింది. “నా పేరు నాకు మా అవ్వ పెట్టింది. నీ కోసం, తాయి కోసం నేనెందుకు దాసుకోవాలె?”

కోపంతో వెళ్లినదాన్ని, వచ్చిన బస్సుకే తిరిగి వచ్చాను. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

తాయి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. పాటల ఆమెకు పడినవి ఆ తేడా కన్నా ఎక్కువే. ఫలితం తెలిసిన సాయంత్రం తాయి మనుషులు మా గుమ్మం ముందు నిలబడి తిట్టారు. నేను తాయికే ఓటేశానంటే నవ్వారు. ఆ వారంలోనే మేము ఆడుకునే మైదానం గేటుకు తాళం పడింది. మరమ్మతు ఉందన్నాడు సర్పంచ్. ఆయన తాయి మనిషి. మరమ్మతు చేసే మనిషి మాత్రం అటు రాలేదు.

నాందేడ్‌లో జిల్లా పోటీలు దగ్గర పడుతున్నాయి. తాయి ఇంటికే వెళ్లాను. ఆమె నన్ను కూర్చోబెట్టింది, నీళ్లిచ్చింది, చెప్పిందంతా విన్నది.

“నువ్వు కాదని నాకు తెల్సు,” అన్నది.

“మరి తాళం తీయమనుండ్రి.”

“మా పోరగాళ్ల కోపం ఎక్కడన్న తీరాలె గద. కొన్ని రోజులాగు.”

తెలియక చేస్తే చెప్పుకోవచ్చు. తెలిసి కూడా చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఆ నీళ్ల గ్లాసు అక్కడే వదిలి లేచాను.

సోయాబీన్ కోసిన మా చేనులో స్తంభాలు పాతి పిల్లలను ఆడించాను. నల్లరేగడి, నెర్రెలు విచ్చిన నేల. అందరికన్నా చురుకైన పిల్ల కాలు నెర్రెలో పడి చీలమండ బెణికింది. ఆమె లేకుండానే నాందేడ్ వెళ్లి మొదటి ఆటలోనే ఓడిపోయాం. తిరుగు బస్సులో ఒక పిల్ల, “మేడం, మీరు నిజంగ నిలబడలే కదా?” అని అడిగింది. నా దగ్గర ఆడే పిల్లే అలా అడిగింది.

పాటల ఆమెను ఏ స్టేజి మీదికీ ఎవరూ పిలవలేదని తరువాత విన్నాను. ఎన్నికల ముందు ఆమె ఇంటికి వచ్చినవాళ్లు ఇప్పుడు ఫోను కూడా ఎత్తడం లేదట. తాయి మళ్లీ పెళ్లిళ్లకు, పరామర్శలకు తిరుగుతోంది. గేటుకు తాళం అలాగే ఉంది. వానలు పడి చేనులో విత్తనం వేసేలోపు పిల్లలకు ఇంకో జాగా చూడాలి. రెండు ఊళ్లలో అడిగాను. పేరు చెప్పగానే, “ఓ, మీరేనా అది?” అన్నారు.