రేకులో కోసిన ఎనిమిది

నేను మా జంక్షన్ యార్డులో నంబరు టేకరుగా పనిచేశాను. గూడ్సు బండి వచ్చి నిలబడగానే ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా పట్టాల పక్కన నడుస్తూ, ఒక్కొక్క వ్యాగను మీది నంబరు చదివి పుస్తకంలో రాయడం ఆ పని. నలభై వ్యాగన్ల బండి నా అడుగుల్లో మూడు వందల యాభై. ఎండలో పోయేటప్పుడు మూడు వందల నలభై, వచ్చేటప్పుడు మూడు వందల అరవై పడేవి. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండానే వంటబట్టాయి. నేను రాసిన అంకె తప్పదని యార్డంతా అనేవారు. ఆ మాట నేనూ నమ్మాను.

ఎనభైలు మొదలైన కొత్తలో ఒక డ్రైవరు పదవీ విరమణ చేసి ఊరు వదిలి పోతూ తన సామానులోంచి నాకు ఒక అట్టపెట్టె ఇచ్చాడు. అందులో నాలుగు కిట్లు ఉన్నాయి. ఒక్కో కిట్టులో విడి ముక్కలు: ప్లాస్టిక్ పక్కలు, అడుగు చట్రం, నాలుగు చక్రాలు. అతికిస్తే అరచేతిలో పట్టే గూడ్సు వ్యాగను తయారవుతుంది. అవి సీమబళ్లు, ఇంగ్లండు రైళ్లవి. నాకు కావలసింది మా యార్డు బళ్లు. చక్రాల మధ్య దూరం కొలిస్తే పదహారున్నర మిల్లీమీటర్లు. మా లైను మీటరు గేజి, అంటే పట్టాల మధ్య వెయ్యి మిల్లీమీటర్లు. భాగిస్తే అరవై, కాస్త ఎక్కువ. అంటే ఈ చక్రాలకు మా బళ్లు అరవయ్యో వంతులో సరిపోతాయి. పొడవు చాలని చోట పోస్టుకార్డు ముక్కలు అతికించి పెంచాను. ఒక్కో వ్యాగనుకు ఆరు వారాలు పట్టింది.

అసలు పని రాతల దగ్గర మొదలైంది. వ్యాగను మీద నంబరు ఎత్తు ఆరు అంగుళాలు. అరవయ్యో వంతు అంటే అంగుళంలో పదో వంతు. ఆ కొలతలో ఊరికే అంకె గీస్తే పిల్లల రాతలా కనిపిస్తుంది. యార్డులో పెయింటరు చేత్తో రాయడు. అంకె ఆకారం కోసిన రేకును బండికి ఆనించి రంగు అద్దుతాడు. అందుకే ముందు ఆ రేకు ఎలా కోస్తారో తెలుసుకోవాలనుకొని, పాత ఎక్స్‌రే ఫిల్ము మీద ఆరంగుళాల అంకెలు గీసి బ్లేడుతో కోయసాగాను.

ఏ బళ్లకు ఏ నంబర్లు వేయాలో నా పాత పుస్తకాల్లోంచి ఎంచుకున్నాను. మూడో బండికి 28764 అనుకున్నాను. నాకు యార్డులో పేరు తెచ్చిన నంబరు అది.

ఆ సంగతి చెప్పాలి. అప్పటికి తొమ్మిదేళ్ల కిందట, ఒక వాన పడ్డాక, బెళుగుప్ప దిక్కు రైతులకు వేరుశనగ విత్తనాలు తెచ్చే వ్యాగను కనిపించకుండా పోయింది. దాని నంబరు 23764. నాకంటే ముందు డ్యూటీలో ఉన్న నంబరు టేకరు ఆ వ్యాగను మా యార్డుకు వచ్చినట్టు రాశాడు. రెండు గంటల తర్వాత అదే లైను నడిచిన నేను ఆ చోట 28764 అని రాశాను. బండి నా లెక్క ప్రకారమే ముందుకు పోయింది. నేలలో విత్తే పదును ఆరిపోయాక విత్తనాల వ్యాగను ఎక్కడో దూరపు స్టేషనులో, బళ్లు పక్కకు నిలిపే సైడింగు పట్టాల మీద దొరికింది. అది మా జంక్షనుకు రానే లేదనీ, అతను లైను నడవకుండా కూర్చొని గార్డు కాగితంలోంచి నంబర్లు ఎక్కించాడనీ విచారణలో తేల్చారు. నంబరు టేకరుకు అంతకంటే పెద్ద నింద లేదు. అతన్ని యార్డులోంచి తీసి విడపనకల్లు దిక్కున ఒక లెవెల్ క్రాసింగు గేటుకు వేశారు.

ఇప్పుడు ఫిల్ములో ఎనిమిది కోస్తుంటే లోపలి రెండు గుండ్రటి ముక్కలూ ఊడి కింద పడ్డాయి. అవి ఊడకుండా ఉండాలంటే పైన నడిమిన, కింద నడిమిన సన్నని పట్టీలు వదలాలి. కాబట్టి రేకుతో వేసిన ఎనిమిదికి పైనా కిందా తెగినట్టు సందులుంటాయి. మూడుకు ఆ బాధ లేదు. లోపల ఊడే ముక్కే లేదు కనుక గీత ఎక్కడా తెగదు.

నాకొక అలవాటు ఉండేది. అరిగిన అంకె కనిపిస్తే దాని ఆకారం ఉన్నదున్నట్టు పుస్తకం అంచున గీసుకునేవాణ్ణి. తొమ్మిదేళ్ల నాటి పేజీ తీశాను. అంచున నేను గీసిన బొమ్మ పైన తెగలేదు, కింద తెగలేదు. ఎడమవైపు మాత్రమే తెరిచి ఉంది. అరిగిన అంకెలు నాకు బాగా తెలుసునన్న ధీమాతో, ఎడమవైపు రంగు రాలిన ఎనిమిది అని నేనే పూరించుకున్నాను. నా కళ్లు మూడే చూశాయి.

పక్కన వేరుశనగ కాయలు ఒలుస్తున్న మా ఆవిడ అడిగింది.

"ఏమైంది? చెయ్యి కోసుకుంటివా?"

చెప్పాను. ఆమె ఒలవడం ఆపలేదు.

"ఇది ఇంగెవరికన్నా తెలుసునా?"

"తెలీదు."

"నువ్వు చెప్పకుంటే తెలిసేది గూడా లేదు."

"లేదు."

"కూడిక ఒకటి తప్పితే అన్నం ముందర్నుంచి లేసేటోడివి. ఈ పొద్దు ఎట్ల తింటావో చూస్తా."

తిన్నాను. అప్పుడు హెడ్డు నంబరు టేకరు పోస్టుకు నా పేరు నడుస్తోంది. చెప్తే పోస్టుతో పాటు అంకె తప్పనివాడన్న పేరూ పోతుంది. చెప్పకపోతే అతను గేటు దగ్గరే ఉంటాడు. వ్యాగను పూర్తయ్యాక తీసుకుపోయి అతనికి చెబుదామని మూడు వారాలు గడిపాను. నాలుగు వెంట్రుకలు మిగిల్చిన కుంచెతో 23764 అని రాశాను. ఇక చేయవలసిందేమీ మిగలకపోయేసరికి బస్సెక్కాను.

అతను గేటు గది ముందు నిలబడి ఉన్నాడు. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు.

"ఏమన్నా, అంకెల దొర ఈడికొచ్చినాడే. గొర్రెలకు నంబర్లెయ్యాల్నా?"

వ్యాగను చేతిలో పెట్టాను. తిప్పి అడుగు చూశాడు.

"చక్రాలు గూడా తిరుగుతాండాయే," అన్నాడు. తర్వాత నంబరు చదివాడు.

"మూడేసినావే."

"మూడే. ఆ పొద్దు నేనే తప్పు చదివినా."

"నాకు ఆ పొద్దే తెలుసన్నా. అనుమానమొచ్చి ఆ అంకె మీద చెయ్యి పెట్టి తడిమినా. విచారణలో చెప్పినా గూడా. నీ పుస్తకం ముందర నా మాట ఎవరిన్నారు?"

వ్యాగను నాకు తిరిగి ఇచ్చేశాడు.

"ఆఫీసుకు రాసిచ్చినావా?"

"ఇంకా లేదు."

"మరి బస్సెక్కి నాకు చెప్పేకి వచ్చినావా? నాకు తెలిసిందే నాకు చెప్తే ఏమొస్తాది?"

కాగితం అడిగాను. లోపల్నుంచి తెచ్చాడు. గట్టు మీద కూర్చొని, 'అంకె స్పష్టంగా లేనందువలన' అని మొదలుపెట్టాను. నా భుజం మీదుగా చదువుతున్న అతను ఆపాడు.

"అది కొట్టెయ్. స్పష్టంగా లేకుంటే నాకెట్ల తెలిసె?"

కొట్టేశాను.

"అంకె ఎవరికైనా తప్పుతాదన్నా. కూర్చొని రాసినానన్నారే, అదీ నాకు తగిలింది. నేను నడిచినానని రాయి."

అలాగే రాశాను. 'అతను లైను నడిచి, చూసి, సరిగా రాశాడు. నేను ఉన్న అంకెను రాయకుండా, అది ఎనిమిదై ఉంటుందని ఊహించి రాశాను.' నేను సంతకం చేశాక అతను భార్యను పిలిచి, ఆమెకు చదివి వినిపించమన్నాడు. చదివాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ చివరిదాకా విన్నది.

"ఒక మూడు చదివేకి తొమ్మిదేండ్లు పట్టిందా నీకు?" అన్నది నాతో. తర్వాత భర్త వైపు తిరిగి, "నేను గూడా నమ్మితినే, నువ్వు నడవలేదని," అన్నది. అతను గేటు వేసే వేళయిందని లేచాడు.

మరునాడు పొద్దున కాగితం ఆఫీసులో ఇచ్చాను. హెడ్డు పోస్టు ఇంకొకరికి పోయింది. అతన్ని యార్డుకు తిరిగి తీసుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. వచ్చిన మొదటి రోజు పుస్తకం తీసుకొని, అప్పుడే వచ్చి నిలబడిన గూడ్సు బండి పక్కన నడుస్తూ ఇంజను దాకా పోయాడు. మళ్లీ అవతలి పక్కనుంచి నడుస్తూ వెనక్కి వచ్చాడు.