వేపచెట్టుకు వేసిన పైపు

ఇరవయ్యో యేట నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, తెల్లవారితే చాలు. కార్వాన్‌లో మా గల్లీలో నా కోపం సంగతి తెలియనివాళ్లు లేరు. నాకు మాత్రం అది కోపమని తెలియదు, తెలివి అనుకునేవాణ్ని. ఐటీఐ కాగానే పత్తర్‌గట్టి వెనక పాత ఇళ్లకు పైపులు వేసే ఒక ఉస్తాద్ దగ్గర పనికి కుదిరాను. ఎనిమిది నెలలు బుద్ధిగా నేర్చుకున్నాను. తొమ్మిదో నెలలో, డాబా మీద నీళ్ల ట్యాంకు ఏ మూలన పెట్టాలో ఆయనకే పాఠం చెప్పబోయాను, అదీ ఇంటివాళ్ల ముందు. ఆయన అరవలేదు. "బేటా, నీకు సబ్ మాలూమ్ అయిపోయింది. ఇంక నాతోని ఏం పని?" అన్నాడంతే. (వెళ్లిపొమ్మనడంలో అంత మర్యాద ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అందుకే ఇంకా మండింది.) చేతిలోని పైపు పానా అక్కడే పడేసి ఇంటికొచ్చాను.

నేను ఇంట్లో కూర్చుని అందరి మీదా చిటపటలాడుతున్న ఆ వారంలోనే మా గల్లీ పైకొసన ఉన్న వేపచెట్టు కారడం మొదలుపెట్టింది. మనిషెత్తులో మూడుచోట్ల బెరడు చీలి, పాలలాంటి రసం నురగలు కక్కుతూ బొట్లుబొట్లుగా పడేది. వేపకల్లు అన్నారు పెద్దవాళ్లు. దాన్ని మొదట చూసింది మైకు పెద్దమ్మ. ఆమె మాకు చుట్టం కాదు, ఆ పేరు ఆమె గొంతుకు గల్లీ ఇచ్చిన బిరుదు. మొగుడు పోయాక ఒక్కతే ఉండేది. ఆమె నోటికి జడిసి ఎవరూ ఆ గడప తొక్కేవారు కాదు. ఇప్పుడు సరిగ్గా ఆ గడప ముందే చెట్టు కారుతోంది! ఆమె చెట్టు మొదలుకు పసుపు రాసి, దీపం పెట్టి, రసం కింద ఇత్తడి బిందె పెట్టింది. రెండు రోజుల్లో గల్లీ గల్లీ అంతా అక్కడే. "ఒక్కొక్కలు రండ్రి! గ్లాసులు ముంచకుండ్రి, నేనే పోస్త!" అని ఆమె అరుస్తుంటే, ఆ అరుపులో అంతకుముందు లేని ఉత్సాహం ఉండేది. అది నాకు వినబడలేదు. నాకు కనబడింది తోపులాట ఒక్కటే.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఏదో మంచు దేశం. కొండ నిండా మేపుల్ చెట్లట. ఒక్కో చెట్టుకు చిన్న తూము కొట్టి, సన్నటి పైపులు కలుపుకుంటూ కిందికి తెచ్చారు. మోటారు లేదు, కరెంటు లేదు, వాలు ఒక్కటే. రసం తనంతట తానే కిందున్న ట్యాంకులోకి వచ్చి పడుతోంది, దాన్ని మరిగించి పాకం చేస్తున్నారు. నా ఒళ్లు జలదరించింది. ఉస్తాద్‌కు ఇది తెలుసా? తెలియదు! నాకు తెలుసు! (వాళ్లకు కొండంత అడవి ఉంది, నాకు ఒక్క చెట్టూ ముప్పై గజాల గల్లీ ఉన్నాయి. అది పెద్ద తేడాగా తోచలేదు.)

తోపులాట తప్పిద్దామని మెడికల్ షాపులో సెలైన్ గొట్టాలు కొన్నాను. బెరడు చీలిన చోట్ల మూడు తూములు మేకులతో బిగించాను. మూడింటినీ కలిపి, గోడ వెంబడి క్లిప్పులు కొట్టుకుంటూ, ఎక్కడా ఎత్తు రాకుండా మట్టం చూసుకుంటూ కిందికొసకు తెచ్చాను. అక్కడ సేటు కిరాణా దుకాణం పక్కన ఖాళీ జాగా ఉంది. సేటు ఖాళీ నూనె డ్రమ్ము కడిగి ఇచ్చి, "మంచి పని బిడ్డా, ఇగ లొల్లి ఉండది" అన్నాడు. (లైన్లో నిలబడ్డవాళ్లు ఊరికే ఉండలేక చక్కెరో, చాయ్‌పత్తో కొనేవారు. ఆయన సంతోషం నా పైపుల గురించి అనుకున్నాను.) డ్రమ్ముకు మూడు నల్లాలు పెట్టాను. ఎండకు కాగిన గొట్టాల్లో రసం పులిసి వాసన కొట్టేది, అయినా జనం పట్టుకుపోయారు. మా అమ్మ ఒక బిందెడు మరిగించి, గరిటెడు నల్లటి పాకం తీసి, నాలుక మీద పెట్టుకుని, "నీ లెక్కనే ఉన్నదిరా, చేదు" అంది.

మూడోనాడు పొద్దున పెద్దమ్మ కొంగు నడుముకు చెక్కుకుని దిగొచ్చింది.

"చెట్టు నా ఇంటిముంగట ఉంటే డ్రమ్ము సేటు ఇంటిముంగట ఏందిరా?"

"పల్లం ఇటే ఉన్నది పెద్దమ్మా. రసం పల్లానికే వస్తది."

"ఎవడు చెప్పిండు? సేటు చెప్పిండా?"

"ఎవడు చెప్పుడేంది? భూమి గుంజుతది!"

"భూమి సేటు దిక్కే గుంజుతదా? నా దిక్కు గుంజదా?"

జనం నవ్వారు. వాళ్లు ఆమెను చూసి నవ్వారో, నన్ను చూసి నవ్వారో తెలియక నేను ఇద్దరి కోపమూ కలిపి పడ్డాను. ఆ సాయంత్రమే ఎవరు చెప్పారో ఏమో, ఉస్తాద్ వచ్చాడు. చేతులు వెనక కట్టుకుని పైనుంచి కిందిదాకా ప్రతి జాయింటూ వేలితో తడిమి చూశాడు. "పని సాఫ్‌గా చేసినవ్. ఒక్క చుక్క లీకు లేదు" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. "కానీ బేటా, చెట్టు కింద బిందె పెడితే అయ్యేదానికి ఇంత పైపేంది? డ్రమ్ము జాగా గలత్. పైకే తీస్కపో" అన్నాడు. ఆ ఒక్క మాటతో మెప్పంతా మర్చిపోయాను. ఓర్వలేక అన్నాడనుకున్నాను.

మర్నాడు డ్రమ్ములో చుక్క పడలేదు. గోడ వెంట పైకి పరిగెత్తాను. పెద్దమ్మ గడప పక్కనే పైపు రెండు ముక్కలై ఉంది, రసమంతా రాళ్ల మీద పారుతోంది, చీమలు పట్టాయి. ఆమె కత్తిపీట ముందు పెట్టుకుని వంకాయలు తరుగుతోంది.

"నేనే కోసిన. ఏం జేస్తవ్?" అంది తలెత్తకుండా.

ఏం చేశానంటే, అరిచాను. నా గొంతు అంత పెద్దదని అప్పుడే తెలిసింది. గల్లీ అంతా బయటికొచ్చి చూస్తుండగా, "నీ మొఖం చూసి ఎవ్వలు రాలే పెద్దమ్మా! చెట్టును చూసి వచ్చిన్రు! చెట్టు లేకుంటే నీ ఇంటికి కాకి గూడ రాదు!" అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. దానికి ఎదురు తిట్టు సిద్ధంగా కూడా పెట్టుకున్నాను. ఆమె వంకాయలు గిన్నెలో వేసుకుని, కత్తిపీట మడిచి, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు అందరికీ వినబడింది. అందరూ ఇళ్లలోకి పోయారు.

పైపు మళ్లీ అతికించాను. రెండు రోజుల తరవాత చెట్టు కారడమే మానేసింది. అది మామూలుగా ఆగేదో, నా మేకుల వల్ల ఆగిందో ఇప్పటికీ తెలియదు. గల్లీకి మాత్రం అనుమానం లేదు. "తల్లికి మేకులు కొట్టినవ్, అలిగింది" అన్నారు, అంతకుముందు నా నల్లాల దగ్గర లైన్లు కట్టినవాళ్లే. నేను వాళ్లందరి మీదా కోపంతో ఉన్నాను. కానీ కోపం మధ్యలో ఒక సందు ఉండిపోయింది. పెద్దమ్మ గొంతు వినబడటం లేదు. చెత్తబండివాడు ఆలస్యంగా వచ్చినా, పిల్లల బంతి ఆమె గోడకు తగిలినా, పైకొసన నిశ్శబ్దం. పదిహేను రోజులకు సేటే అడిగాడు, "ఏంది, ఆమె పానం మంచిగనే ఉన్నదా?"

వెళ్లాను. క్షమించమని అడుగుదామనే వెళ్లాను. తలుపు తీయగానే మాత్రం నోట్లోంచి విసురుగా వచ్చింది, "పైపు తీస్కపోతందుకు వచ్చిన."

"తీస్కపో" అంది. చెట్టు వైపు చూసి, "ఆ మేకులు గూడ గుంజు. దానికి నొస్తలేదా?"

ఒక్కొక్క మేకూ పీకాను. ఆమె లోపల్నుంచి తడిపిన పసుపు తెచ్చింది. గిన్నె నా చేతికిచ్చి, తను వేలితో ఒక్కో రంధ్రంలో పూడ్చింది. మూడో రంధ్రం దగ్గర నా చేతిలో గిన్నె వంగింది.

"సక్కగ పట్టుకోరాదురా! పొద్దుగాల తినలేదా?" అని అరిచింది. కళ్లు తుడుచుకోవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు. "తినలే" అన్నాను. నిజమే, తినలేదు. వంకాయకూరతో రెండు రొట్టెలు పెట్టింది, తిన్నంతసేపూ తిడుతూనే ఉంది.

ఆ మర్నాడు ఉస్తాద్ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన ఒక పైపు చేతికిచ్చి కోయమన్నాడు.

పదేళ్లు దాటిపోయాయి. ఇప్పుడు పని నాదే, అరిచేవాళ్లు గిరాకీలు. "అయితది అన్నా, ఫికర్ చెయ్యకు" అంటూ నేను గోడలోని పైపు వైపు చూస్తూ ఉంటాను. నీకు కోపమే రాదేందని మా ఆవిడ అప్పుడప్పుడు కోప్పడుతుంది. ఆ ఇరవయ్యేళ్లవాడు ఎక్కడైనా ఎదురైతే నాలుగు దులపాలని ఉంటుంది నాకు. కానీ వాడు గొట్టాల చుట్ట భుజాన వేసుకుని, గల్లీ మొత్తానికి న్యాయం చేయబోతున్నానని ముక్కుపుటాలెగరేస్తూ వస్తున్నట్టు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఏమీ అనలేక, గోడకు ఒదిగి దారిస్తాను.