పాలకు చెల్లని బిళ్ళలు

ఆ కిరాణా కొట్టాయన ఈపాటికి మర్చిపోయి ఉండొచ్చు. నేను మర్చిపోలేదు.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. బంద్ మీద బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో చిల్లర కనబడటం మానేసింది. మా గల్లీలోని కిరాణా ఆయన కొన్నాళ్లు చాక్లెట్లతో నెట్టుకొచ్చి, తర్వాత తన కొట్టు ముద్ర వేసిన ప్లాస్టిక్ బిళ్ళలు ఇవ్వసాగాడు. పచ్చది రూపాయి, ఎర్రది రెండు. మళ్లీ సామాన్లకు వచ్చినప్పుడు తీసుకుంటానన్నాడు. నమ్మి డబ్బాలో దాచుకున్నాను.

ఒక పొద్దున పాల ప్యాకెట్ కోసం ఆ బిళ్ళలు బల్ల మీద పోశాను.

“పాలకి ఇవి చెల్లవండి. సబ్బో బిస్కెట్లో తీసుకోండి,” అన్నాడు.

“నా పైసలు తీస్కున్నప్పుడు గా మాట ఎందుకు చెప్పలే?”

ఆయన నా వెనక నిలబడ్డ ఆడవాళ్లతో, “పాల ప్యాకెట్‌కి పంచాయితీ పెట్టేశారు చూడండి ఈవిడ,” అన్నాడు. వాళ్లు నవ్వారు. ఆ రోజు మా ఇంట్లో అందరం నల్ల టీ తాగాం.

నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. ఆ వారమే ఆయన భార్య తన జాకెట్లు తీసుకుని పెద్ద నోటు ఇచ్చింది. ఎవరి గుడ్డో గుర్తుండటానికి మేం చీటీకి చిన్న ముక్క పిన్ను చేస్తాం. అలాంటి ముక్కలే కత్తిరించి, అంచులు కుట్టి, దారంతో అంకె వేసి, చిల్లరకు బదులు ఆమె చేతిలో పెట్టాను.

“ఇవేంటండీ?”

“మా బిళ్ళలు అక్కా. చీరకు ఫాల్ కుట్టిస్తే చెల్లుతయి. జాకెట్‌కు చెల్లవు.”

కాసేపటికి ఆయనే వచ్చాడు. “గుడ్డపేలికలిచ్చి పంపుతారా అమ్మా?”

“మీ ప్లాస్టిక్ కంటే మెత్తగుంటయి అన్నా. కింద పడ్డా చప్పుడు కాదు.”

“సరే, నా బిళ్ళలు తెండి. పాలిస్తాను. మా చిల్లర మాకివ్వండి.”

“ఇక్కడొద్దు. రేపు పొద్దుగాల, మీ కొట్టు కాడ.”

మర్నాడు అదే ఆడవాళ్లున్నారు. బిళ్ళలు బల్ల మీద పెట్టాను. ఆయన ప్యాకెట్ ముందుకు తోశాడు. నేను ముట్టుకోలేదు.

“పాలకు చెల్లుతయా, చెల్లవా? చెప్పుండ్రి అన్నా.”

“చెల్లుతాయి,” అన్నాడు తలెత్తకుండా.

“జర గట్టిగ.”

“చెల్లుతాయండీ,” అన్నాడు, వెనకవాళ్లకు వినబడేలా.

అప్పుడు కొంగు ముడి విప్పి ఆయన చిల్లర అచ్చంగా నాణేల్లోనే ఇచ్చి, ప్యాకెట్ తీసుకున్నాను. ఒక ఎర్ర బిళ్ళ మాత్రం ఇవ్వలేదు. మాట మారిస్తే చూపించడానికి ఇప్పటికీ నా మిషన్ సొరుగులో ఉంది.