గాలివైపు గోడ: ప్రీఫ్యాబ్ ఇంటి కోసం కోనసీమలో ఒక రోజు

ఐ.పోలవరం దగ్గర మా స్థలం రొయ్యల చెరువుల అంచున ఉంది. నేల మెత్తన. పక్కవాళ్ళ ఇటుక గోడ రెండు వానాకాలాలకే నిలువునా చీలింది. అందుకే తేలికగా ఉండే ప్రీఫ్యాబ్ ఇల్లు, అంటే గోడలు వేరేచోట తయారుచేసి తెచ్చి బిగించే ఇల్లు, కట్టాలని నిశ్చయించుకున్నాను. నా భార్య సత్యవతి కువైట్‌లో పరాయి ఇంట్లో వంట చేస్తూ చాలా ఏళ్ళు గడిపింది. వానలు మొదలయ్యేలోపు తిరిగి వచ్చేస్తోంది. తను అడిగింది ఒకటే, లోపలి నుంచి తానే గడియ పెట్టుకునే ఇల్లు. ఆమె సంపాదన ఒక ఇంటికే సరిపోతుంది, తప్పు చేస్తే దిద్దుకోవడానికి మిగలదు.

ఉదయం ఏడింటికి బస్సెక్కి ముమ్మిడివరం మీదుగా ఎనిమిదిన్నరకి అమలాపురంలో దిగాను. టిఫిను, టీ కలిపి అరవై రూపాయలు. ఊరి చివర మొదటి బిల్డరు నమూనా ఇల్లు తళతళలాడుతోంది. రెండు రంగు రేకుల మధ్య థర్మోకోల్ కూర్చిన గోడలు, చదరపుటడుగు పదిహేను వందలు, పునాది వేరు. "రండి మాస్టారూ" అన్నారాయన. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఆ పిలుపుకే సగం మెత్తబడ్డాను.

"మాది ఉప్పుగాలండీ. పదేళ్ళు తుప్పు పట్టకుండా ఉంటుందా?"

"ఆయ్."

"పడితే మీరే మారుస్తారా?"

"ఆయ్, ఆయ్. టీ తాగండి."

అడ్వాన్సు జేబులోనే ఉంది. అయినా వీళ్ళు కట్టిన ఇల్లు ఒకటి చూశాకే ఇద్దామని, రాజోలు అవతల ఒక చిరునామా తీసుకున్నాను. తాటిపాక మీదుగా బస్సులో గంటన్నర పట్టింది. రాజోలు నుంచి సముద్రం వైపు ఆటో, రానూపోనూ మూడు వందలు. "రేకు గోడలాండీ? కొబ్బరికాయ పడిందంటే సొట్ట జన్మకి పోదు. చెట్టుకి ముందే చెప్పుకోండి" అన్నాడు నా పని విన్న డ్రైవరు.

ఆ ఇంటావిడ మంగాయమ్మగారు మజ్జిగ ఇచ్చి, "ముందు గోడ చూసి మురిసిపోకండి బాబూ. గాలివైపు రండి" అని సముద్రపు గాలి కొట్టే వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ రెండు వానాకాలాలకే ప్రతి స్క్రూ కింద కిళ్ళీ ఉమ్మినట్టు ఎర్రటి చార.

"పూచీ అడగలేదాండీ?"

"అడిగేను. ఆయ్ అన్నారు. తుప్పు పట్టాక వెళ్ళి నిలదీస్తే, మీరు చెప్పింది విన్నానని ఆయ్ అన్నానండీ, అవును అన్లేదు కదా అన్నారు." ఆవిడ నవ్వారు. "మా ఆయన నలభై ఏళ్ళు ఆయ్ అన్నారు, ఒక్క పనీ చెయ్యలేదు. అయినా నాకు బుద్ధి రాలేదు."

మా కోనసీమలో ఆయ్ అంటే మర్యాదకి ఊకొట్టే మాట. రోజుకి ఇరవైసార్లు ఆ మాట అనేవాణ్ణే, పొద్దున అదే మాటని పూచీ అనుకున్నాను.

అమలాపురం తిరిగొచ్చి రావులపాలెం బస్సెక్కి, నాలుగున్నరకి కొత్తపేటలో దిగాను. రెండో బిల్డరు పాత నమూనా ఇంటివి ఇనుప చట్రానికి బిగించిన సిమెంటు బోర్డు గోడలు. అడుగుకి రెండు వందలు ఎక్కువ. ఏటవాలు ఎండలో అతుకులు కనిపిస్తున్నాయి, రంగు అంత నునుపుగా లేదు. నేరుగా గాలివైపు గోడ దగ్గరికి నడిచి అదే ప్రశ్న అడిగాను.

"ఆయ్" అన్నారాయన.

"ఆయ్ వద్దండీ. అవునా, కాదా?"

ఆయన ఒక స్క్రూ మీద వేలు పెట్టారు. "కాదండీ. ఉప్పుగాలికి పదేళ్ళంటే నావల్ల కాదు. స్టెయిన్‌లెస్ స్క్రూలు వేసి ఐదేళ్ళకి రాసిస్తాను. మూడేళ్ళకోసారి రంగు మీరే వేయించుకోవాలి."

"వానల్లోపు నిలబెడతారా?"

"అవునండీ."

అడ్వాన్సు అక్కడే ఇచ్చాను.

మన మర్యాద మంచిదే గానీ, దానిమీద ఇల్లు కట్టకూడదని ఆ రోజు తెలిసింది. మీరూ ఇలా ఇళ్ళు చూడటానికి వెళ్తే, కొత్త నమూనా కాకుండా రెండు వానాకాలాలు తడిసిన ఇల్లు చూడండి, అదీ సాయంత్రం ఎండలో, గాలివైపు నుంచి. తిరుగు బస్సులో ఉండగా సత్యవతి ఫోన్ చేసింది. "నేనొచ్చేసరికి అవుద్దా అండీ?" అని అడిగింది. ఆయ్ అని నోటిదాకా వచ్చింది. మింగేసి, "అవుతుంది" అన్నాను.